తిప్పమ్మ చేతి నీళ్ళు

మా వరసలో బిడ్డ పుడితే, బొడ్డు ఊడిన తర్వాత మొదటి నీళ్ళు తిప్పమ్మే పోయాలి. ఎవరో కూర్చుని పెట్టిన కట్టుబాటు కాదు ఇది. ఆదోనిలో పత్తిమిల్లు వెనక మా ఇళ్ళ వరసలో అలా అలవాటైపోయింది, అంతే. కాన్పు చేసేది మంత్రసాని. ఆ తర్వాత పిల్లకు ఆముదం రాసేది, నీళ్ళు పోసేది, సాంబ్రాణి పొగ పట్టేది తిప్పమ్మ. ఎందుకమ్మా ఈ చాకిరీ అంటే, "నాకదో ఆశ మే" అనేది. ఆమె ఇద్దరు కొడుకులూ పెద్దవాళ్ళై ఆలూరు వైపు సేద్యానికి పోయారు. చేతులు ఊరికే ఉండలేవు కదా.

నేను భీమక్కను. మిల్లు గేటు ముందు బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అమ్ముతాను. నా నోరు మంచిది కాదని పేరు. ఊరికే వచ్చిన పేరు కాదు, కష్టపడి సంపాదించుకున్నాను. తిప్పమ్మ మిల్లులో పత్తి ఏరేది, పత్తిలోంచి ఆకూ చెత్తా తీసిపారేసే పని. కాపురానికి వచ్చిన కొత్తల్లో బావి దగ్గర బిందె ముందు ఎవరు పెట్టారని తగాదా పడి స్నేహితులమయ్యాం. నేను పది మాటలంటే ఆమె ఒకటంటుంది, ఆ ఒకటీ నవ్వుతూ అంటుంది. అలాంటి మనిషితో ఎంతసేపని పోట్లాడతాం?

ఒక ఏడు చలికాలం పోయేవేళకు ఆమె బుగ్గ లోపల పుండు లేచింది, పొగాకు పెట్టుకునే వైపే. పటిక పెట్టింది, తేనె పూసింది, ఎమ్మిగనూరులో ఎవరో ఇచ్చిన పసరు పోసుకుంది. పుండు తగ్గలేదు సరికదా, దవడ కింద గడ్డ కూడా తేలింది. నేను రెక్క పట్టుకుని డాక్టరు దగ్గరికి లాక్కుపోయాను. ఆయన దీపం పెట్టి నోరంతా చూసి, రాచపుండు అన్నాడు. మద్రాసు పెద్దాసుపత్రికి పొమ్మన్నాడు.

తిప్పమ్మ మొగుడు ఉచ్చీరప్ప పత్తి బేళ్ళ బండి తోలేవాడు. మంచివాడే, కానీ మాట వినగానే గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"యాడ మద్రాసు, యాడ మనము అక్కా?" అన్నాడు.

"రైలు ఈడ ఎక్కితే ఆడ దింపుతాది. నువ్వేమన్నా ఇంజను తోలాల్నా? బండి నువ్వు తోలుకో, దీన్ని నేను తీస్కపోతా" అన్నాను.

అంగడి మూసేశాను. నా ఉగ్గాని లేకపోతే మిల్లువాళ్ళేం చచ్చిపోరు. నా ఇంటాయన పోయి చాలా కాలమైంది, ఒక్కగానొక్క కూతురు పార్వతిని ఎమ్మిగనూరులో మగ్గం నేసే జయన్నకు ఇచ్చాను. అది అప్పటికి కడుపుతో ఉంది. కాన్పు లోపల తిరిగొస్తానని కబురు పంపి రైలెక్కాను. గుంతకల్లు దాటాక తిప్పమ్మ పొగాకు సంచితో పాటు నా పొగాకు సంచి కూడా కిటికీలోంచి పారేశాను. ఆమె ఒక్కతే మానాలంటే ఎట్లా? ఆ తర్వాత పొగాకు లేక నాకు పట్టిన కోపానికి, వార్డులో ఆయాలు నన్ను చూస్తే పక్కకు తప్పుకుని పోయేవాళ్ళు.

మద్రాసులో ఆమె బుగ్గ మీద, మెడ మీద ఊదారంగు సిరాతో గీతలు గీశారు. ఆ గీతలు చెరగకూడదు, నూనె తగలకూడదు, రుద్దకూడదు. రోజూ ఒక పెద్ద మిషను కింద పడుకోబెట్టి, అందరూ బయటికొచ్చి తలుపు వేసేవాళ్ళు. నాకు ఆ తలుపు అసలు నచ్చలేదు. నెల్లూరి నర్సు ఒకామె ఉండేది. ఆమెను ఆపి నిలదీశాను.

"ఏందమ్మా అది? దాని ఒంట్లోకి ఏం పంపుతాండారు?"

"కంటికి కనబడని వెలుతురు లాంటిదమ్మా. పుండును కాలుస్తుంది. మిషను ఆపితే అయిపోయింది."

"ఒంట్లో ఏమీ నిలవదు కదా?"

"దీపం ఆర్పేశాక గదిలో వెలుతురు నిలుస్తుందా?"

నా ప్రాణం కుదుటపడింది. బయటికొచ్చిన తిప్పమ్మకు ఆ మాటే చెప్పాను. సరేనని తల ఊపింది.

కొన్నాళ్ళకు నోరంతా పూసింది. ఒక మెతుకు మింగాలంటే కళ్ళ నీళ్ళు. నేను ఆసుపత్రి వెనక చెట్టుకింద మూడు రాళ్ళు పెట్టి, బొరుగులు నానబెట్టి, పిసికి, పాలల్లో పలచగా కాచేదాన్ని. కారం లేదు, ఉప్పు కూడా నామమాత్రం. ఆమె ఎదురుగా కూర్చుని నేనూ అదే తినేదాన్ని. మిరపకాయ లేని ఉగ్గాని మనిషి తినేది కాదని నేనిప్పటికీ అంటాను. అయినా తిన్నాను. ఆమె జడ నేనే వేసేదాన్ని, తడిబట్ట మెడ మీద కాకుండా నుదుటి మీద వేసేదాన్ని. ఆమె నా మోకాలి మీద తలపెట్టుకుని పడుకునేది.

మొదటి విడత అయ్యాక డాక్టరు ఇంటికి పొమ్మన్నాడు. గడ్డ సగం కరిగింది, ఒళ్ళు కాస్త కోలుకున్నాక రెండో విడతకు ఫలానా రోజున రావాలన్నాడు. "రెండోది కూడా అయితేనే పుండు చచ్చేది. రాకపోతే మళ్ళీ లేస్తుంది, అప్పుడు మా చేతిలో ఏమీ ఉండదు" అని నా ముఖంలోకి చూసి మరీ చెప్పాడు. రాకుండా ఎట్లా పోతుంది, నేను లేనా, అనుకున్నాను.

ఇంటికొచ్చాం. అసలు గొడవ అప్పుడు మొదలైంది.

ఆ ఏడే మా మిల్లుకు కరెంటు మోటారు వచ్చింది. అంతకుముందు కరెంటంటే మావాళ్ళకు బజారులో వెలిగే దీపం, అంతే. మోటారు వచ్చిన కొత్తల్లో మారెప్ప అనేవాడు దాని మీద చెయ్యి పెట్టి అతుక్కుపోయాడు. పక్కనున్న పుల్లన్న ఎండు కట్టెతో వాడి చేతి మీద ఒక్కటి వేస్తే ఊడి కిందపడ్డాడు. బతికాడు గానీ వేళ్ళు నల్లబడ్డాయి. దాంతో మా వరస మొత్తానికి ఒక చదువు వచ్చేసింది: కరెంటు ఎక్కిన మనిషిని ముట్టుకోకూడదు. ఈలోగా ఉచ్చీరప్ప, అమాయకుడు, అడిగినవాళ్ళందరికీ "మద్రాసులో మా యమ్మికి రోజూ కరెంటు పెట్టినారు" అని చెప్పుకుంటూ తిరిగాడు.

ఇంకేముంది! పలకరించడానికి వచ్చినవాళ్ళు గుమ్మం అవతలే నిలబడ్డారు. పక్కింటామె మజ్జిగ తెచ్చి, చెంబును పొడుగాటి చెక్క గరిటె మీద పెట్టి లోపలికి తోసింది. దేవక్క ఇంకా తెలివైనది. మిల్లులో మోటారు బాగుచేసేవాడు చెక్కపలక మీద నిలబడతాడని ఎక్కడో చూసిందట. ఒక పలక చంకన పెట్టుకొచ్చి, వాకిట్లో వేసుకుని, దాని మీదెక్కి "ఎట్లుండావు తిప్పక్కా?" అని అడిగింది. దేవరగట్టు పండగలో కట్టెలతో తలలు పగలగొట్టించుకుని, గాయానికి పసుపు అద్దుకుని నవ్వుకుంటూ ఇంటికొచ్చే మగాళ్ళు కూడా తిప్పమ్మ ఎదురైతే సందు అంచున నడిచారు. వీళ్ళా మగాళ్ళు!

నేను ఊరుకున్నానా? దేవక్క పలకను ఎత్తి దిబ్బలో పారేశాను. ఒక్కొక్కరి పేరూ పెట్టి, వాళ్ళ పుట్టుపూర్వోత్తరాలతో సహా తిట్టాను. అంగడి మళ్ళీ తెరిచాక మారెప్ప వస్తే ఉగ్గాని పెట్టలేదు.

"నా మీద కోపమెందుకక్కా? నేను కరెంటు తిన్నోణ్ణి, నాకు తెలీదా?" అన్నాడు.

"ఇప్పుడు నిన్ను ముట్టుకుంటే కొడతాండాదా?"

"నన్ను పట్టుకునింది ఒక్క గడియే. ఆయమ్మకు దినామూ ఎక్కించినారు. ఒంట్లో ఊరుండదా?"

"ఊరేదానికి అదేమన్నా ఆవకాయనా, నీ మొగం మండ!"

"ఇంకోటి సెప్తా ఇను. తడి సేత్తో ముట్టితే ఇంకా మోసం, పాణమే పోతాది" అని చెప్పి, బజ్జీ దొరకదని తెలిసి వెళ్ళిపోయాడు.

నా తిట్లకు మనుషులు భయపడ్డారు గానీ భయం మానలేదు. నేను మాత్రం పొద్దునా సాయంత్రం వెళ్ళేదాన్ని. జొన్న అంబలి పల్చగా కాచి, గుడ్డలో వడగట్టి, చల్లార్చి తీసుకుపోయేదాన్ని. ఆనుకుని కూర్చుంటే ఆమె పక్కకు జరిగేది. జడ వేస్తానంటే "వద్దులేక్కా" అనేది. తోలు మండుతోందేమో అనుకున్నాను. మద్రాసులో మోకాలి మీద తలపెట్టుకున్న మనిషి ఇంటికొచ్చాక ఎందుకు దూరం జరుగుతోందో నాకు తట్టలేదు.

అంతలో పార్వతి కాన్పుకొచ్చింది. ఆడపిల్లను కన్నది. నల్లగా, జుట్టు దండిగా, మా వంశంలో అందరిలాగే పుట్టగానే పేచీ. బొడ్డు ఊడగానే నేను తిప్పమ్మ ఇంటికి పోయాను.

"లెయ్‌మే. నా మనవరాలికి నీళ్ళు పొయ్యాల నువ్వు."

ఆమె గోడ వారగా కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. చేతులు రెండూ కొంగులో చుట్టుకుని ఉంది, అంత ఎండాకాలంలో.

"నేను పొయ్యనక్కా."

"ఎందుకు?"

"నా సేతుల్లో ఉండాది."

"ఏముండాది?"

"అదే. వేళ్ళు జివ్వుమంటాండాయి. నీకు అబద్ధం సెప్తానా? వాళ్ళు దూరం పోతాండారని నీకు కోపం. వాళ్ళు పోయేదే మేలు. నేనే ఎవుర్నీ ముట్టుకోకుండా ఉండా. మా ఆయప్పను గూడా."

తిండి లేక నీరసించిన ఒంట్లో వేళ్ళు జివ్వుమనవా? నర్సమ్మ మాట మళ్ళీ చెప్పాను, దీపం, గది, వెలుతురు, అన్నీ. ఆమె ఓపిగ్గా విన్నది. విని, నెమ్మదిగా అన్నది:

"నేను రెండోసారి పోనక్కా. పోతే ఇంకింత ఎక్కిస్తారు. పిల్లను ఎత్తుకోలేని సేతులు పెట్టుకోని బతికి నేనేం సేసుకోవాల? ఇప్పుడైతే కొన్నాళ్ళకన్నా దిగిపోతాదేమో. బుధవారం రైలుకు నువ్వు రావద్దు."

అది సోమవారం. ఇంటికి ఎట్లా వచ్చానో నాకు తెలియదు. మనుషులు దూరంగా నిలబడ్డారనే నేను అందరినీ తిట్టాను. ఆ భయం నేరుగా పోయి ఆమె చేతుల్లోనే కూర్చుంది. దాన్ని తిట్టి ఎట్లా తరమాలి?

చేయాల్సింది ఏమిటో నాకు తెలుసు. పిల్లను తీసుకుపోయి ఆమె కాళ్ళ మీద పెట్టాలి. ఇన్ని నాళ్ళూ ఏమీ కాదని గొంతు చించుకున్నది నేనే కదా. కానీ ఉయ్యాలలో ఆ పసిగుడ్డు పిడికిళ్ళు బిగించి నిద్రపోతుంటే నాకు ధైర్యం చాలలేదు. నర్సమ్మకు తెలియకపోతే? నేనంటే మొండి ముండను, నాకేమీ కాలేదు. ఇది గుప్పెడు మాంసం. పైగా నీళ్ళు, తడి చేతులు. మారెప్పగాడి మాట చెవిలో జోరీగలా తిరిగింది. వాణ్ణి తిట్టుకున్నాను, నన్ను తిట్టుకున్నాను. భయం మాత్రం పోలేదు.

"ఏందిమా, ఏడుస్తాండావా?" అన్నది పార్వతి.

అంతా చెప్పాను. నాకు భయంగా ఉందని కూడా చెప్పాను. కన్నకూతురి దగ్గర దాపరికమేమిటి? అది పిల్లకు జారిన గుడ్డ సరిచేసింది.

"నువ్వు ఆయమ్మ పక్కనే పండుకున్న్యావు. ఆయమ్మ తిన్న గిన్నెలోనే తిన్న్యావు" అన్నది.

"నేను వేరు, ఇది వేరు."

"కరెంటుకు అది తెలుస్తాదామా? ఉంటే నిన్నూ కొట్టాల గదా? నువ్వు ఇంతమందిని తిడితివి. మన బిడ్డను మనమే దాచిపెట్టుకుంటే తిప్ప సిన్నమ్మ ఇంక ఎవుర్ని నమ్మాల?"

నా కడుపున పుట్టిన పిల్లకు ఇంత నిబ్బరం ఎక్కడిదో! తెల్లవారుజామున లేచి నీళ్ళకాగు కింద మంట పెట్టాను.

మంగళవారం పొద్దున పార్వతి పిల్లను ఎత్తుకుని ముందు నడిచింది. నేను కాగుతో వెనక నడిచాను. వరసంతా పసిగట్టింది. దేవక్క, పక్కింటామె, పనికి పోతున్న మారెప్ప, ఉచ్చీరప్ప, అందరూ తిప్పమ్మ వాకిట్లో దూరంగా గుమిగూడారు. "ఓయమ్మా, బాలింతరాలికి బుద్ధి లేదా?" అన్నారెవరో. నేను తిరిగి ఒక్క చూపు చూస్తే నోరు మూశారు.

తిప్పమ్మ ఎప్పటిలాగే గోడ వారగా కాళ్ళు చాపుకుని ఉంది. మమ్మల్ని చూడగానే ముఖం పాలిపోయింది. చేతులు చంకల్లో దాచేసుకుంది.

"వద్దు పార్వతీ. నీ కాళ్ళు మొక్కుతా, వద్దు."

పార్వతి వంగి, పిల్ల గుడ్డలు విప్పి, ఆమె చాపిన కాళ్ళ మీద పడుకోబెట్టి, రెండడుగులు వెనక్కి వేసింది. తిప్పమ్మ భయంతో కాళ్ళు వెనక్కి లాక్కోబోయింది. పిల్ల పక్కకు దొర్లింది. తల నేల వైపు జారింది. నేను అరిచాను, కాగు చేతిలో ఉంది, ఏం చేయగలను?

తిప్పమ్మ చేతులు బయటికొచ్చాయి. ఎప్పుడు వచ్చాయో నేను చూడలేదు. చూసేసరికి ఒక అరచెయ్యి పిల్ల మెడ కింద ఉంది, ఒకటి నడుము కింద ఉంది. పిల్ల కెవ్వుమన్నది.

"కొట్టింది! కొట్టింది!" అని దేవక్క అరిచింది.

అందరూ వెనక్కి దూకారు. తిప్పమ్మ కొయ్యబారిపోయింది. పిల్లను వదలలేదు, కదలలేదు. పిల్ల గుక్క తిప్పుకుని మళ్ళీ ఏడ్చింది. ఆ ఏడుపు నాకు తెలుసు. గుడ్డలు విప్పితే చలికి ఏడ్చే పేచీ ఏడుపు, ముందు రోజూ ఏడ్చిందే. నా ప్రాణం తిరిగి ఒంట్లోకి వచ్చింది. ఏడ్చి ఏడ్చి, చివరకు పిల్ల తుమ్మింది. తుమ్మి, తిప్పమ్మ చేతుల్లోనే ఒంటికి పోసింది.

మణికట్టుల మీదుగా ధారగా కారుతుంటే తిప్పమ్మ తన తడి చేతులను అలాగే చూసింది. పిల్లను చూసింది. ఒక వేలు తీసి పిల్ల బుగ్గ మీద పెట్టి, భయంభయంగా ఎత్తేసింది. మళ్ళీ పెట్టింది. ఈసారి తీయలేదు.

"సూస్తా నిలబడితివేమే భీమక్కా?" అన్నది, పుండ్ల నోటితో, ముద్దముద్దగా. "పిల్లకు సలి పెడతాండాది. నీళ్ళు తే."

తెచ్చాను. ఆముదం రాసింది. నీళ్ళు పోసింది. అంత నీరసంలో కూడా ఆ చేతులకు తొందర లేదు, తడబాటు లేదు. మెడ మడతల్లో, చంకల్లో, వేళ్ళ సందుల్లో ఎక్కడా వదలలేదు. పిల్ల ఏడుపు మానేసి కళ్ళు తెరిచింది. మజ్జిగ తెచ్చిన పక్కింటామె దగ్గరికొచ్చి గుడ్డ అందించింది, చేత్తోనే. ఉచ్చీరప్ప తిప్పమ్మ పక్కన కూలబడి, తలపాగా తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. తిప్పమ్మ తన తడి చెయ్యి అతని భుజానికి తుడిచింది. అతను ఇంకా గట్టిగా ఏడ్చాడు.

నీళ్ళయ్యాక పిల్ల ముఖం తుడిచి, రెండు వేళ్ళతో ముక్కు దూలం పట్టి చూసింది. ముఖం చిట్లించింది.

"మీ వంశం ముక్కే వచ్చింది గదే దీనికి. దినామూ ఒత్తాల" అన్నది. ఒక్క క్షణం ఆగి నన్ను అడిగింది, "రేపు రైలు ఎప్పుడు?"

ఇంత నోరు పెట్టుకుని, నేను కొంగుతో కళ్ళు తుడుచుకుంటున్నాను. పార్వతే చెప్పింది, "పొద్దున్నే సిన్నమ్మా."

తిప్పమ్మ పిల్లను పార్వతి చేతికిచ్చి, గోడ పట్టుకుని లేచి నిలబడింది. వాకిట్లో ఉన్న అందరినీ ఒకసారి కలయజూసింది.

"నేను పొయ్యొచ్చేదాకా ఈ పిల్ల ముక్కు ఎవురూ ముట్టొద్దండి. మీకు సేతకాదు" అన్నది.

ఎవరూ ముట్టలేదు. ఆమే వచ్చి ఒత్తింది.